బడిగోడ మీద పరమాణువు

పరమాణువు ఎలా ఉండాలో నిర్ణయించే అధికారం విద్యాధికారిదేనన్నది లోకమెరిగిన సత్యం. ఆ బడిలో ఈ సంగతి తెలియనిది సైన్సు టీచరు ఒక్కరికే. పాపం, బాగా చదువుకున్న మనిషి.

గోడ మీద పరమాణువు బొమ్మ వేయించమని ఉత్తర్వు రాగానే ఆవిడ, బోర్డులు రాసే తన బాబాయిని పిలుచుకొచ్చింది. పర్యవేక్షణకు విచ్చేసిన విద్యాధికారి, పరమాణువంటే గట్టి గోళీ అనీ, దాన్ని పగలగొట్టడం ఎవరి తరమూ కాదనీ సెలవిచ్చారు.

“ఆ తర్వాత చాలా పరిశోధనలు జరిగాయండి,” అంది టీచరు.

“నాతో ఒక్క మాటైనా చెప్పకుండానా?” అన్నారాయన, నిజంగానే నొచ్చుకుని.

గోళీ వేశారు. ఆయన రిటైరయ్యారు. కొత్తగా వచ్చినాయన చదువుకున్న పుస్తకంలో పరమాణువు పుచ్చకాయలాంటిది. ఎలక్ట్రాన్లు అందులో గింజలు. బాబాయి చెయ్యి తిరిగినవాడు కావడంతో బొమ్మ నోరూరించేలా కుదిరింది. పళ్ల ప్రాముఖ్యాన్ని చాటినందుకు ఆరోగ్యశాఖ బడికి ప్రశంసాపత్రం ఇచ్చింది.

మూడో అధికారి హయాంలో పరమాణువుకు కేంద్రకం వచ్చింది, చుట్టూ కక్ష్యలు వచ్చాయి. హెడ్మాస్టరుగారికి ఈ ఏర్పాటు అమితంగా నచ్చి, కేంద్రకంలో తన ముఖం వేయించుకున్నారు. లోపలి కక్ష్య కోసం మాస్టర్లు సిఫారసులు పట్టుకొచ్చారు. అన్నిటికన్నా బయటి కక్ష్యలో పడ్డ డ్రిల్లు మాస్టారు అలిగి సెలవు పెట్టారు.

ఆ అధికారి కూడా బదిలీ అయ్యాక టీచరుకు తిక్క రేగింది. ఈసారి ఎవరినీ అడగలేదు.

“ఎలక్ట్రాన్ ఫలానా చోట ఉందని చెప్పలేం బాబాయ్. ఎక్కడ ఉండే అవకాశం ఎంతో, అంతవరకే చెప్పగలం. పల్చగా మబ్బులా వెయ్యి.”

“అర్థమైందే తల్లీ. నా గురించి ఎవరడిగినా మీ పిన్ని ఇదే చెబుతుంది,” అని బాబాయి రంగును దూదితో అద్దుకుంటూ వేశాడు. నడుమ చిక్కగా, అంచుల్లో ఉందా లేదా అన్నట్టుగా. టీచరు ఆ గోడ ముందు చాలాసేపు నిలబడిపోయింది. ఉద్యోగంలో చేరాక ఇంత తృప్తి ఆవిడకు ఎన్నడూ కలగలేదు.

నాలుగో అధికారి దాన్ని చూసి, గోడ చెమ్మగిల్లిందని తేల్చి, మరమ్మతులకు నిధులు మంజూరు చేశారు.

“చెమ్మ కాదండీ, పరమాణువు,” అంది టీచరు.

“అయితే ఎలక్ట్రాన్ ఎక్కడ?”

“కచ్చితంగా చెప్పలేమండి.”

“చెప్పలేనివాళ్లకు జీతం ఎందుకమ్మా?”

సంజాయిషీ నోటీసు వచ్చింది. ఉద్యోగం ఊడేలా ఉందని తెలిసి ఇంట్లో అత్తగారు, “ఆ గోళీ దగ్గరే ఆగి ఉంటే సరిపోయేదిగా,” అంది. చివరకు అధికారి దయతలచి, పరమాణువు సంగతి ప్రజాస్వామ్యబద్ధంగా తేల్చడానికి తల్లిదండ్రుల సభ పెట్టారు. రుజువుల గురించి టీచరు చెప్పబోతే, ఎండగా ఉంది, త్వరగా కానివ్వమన్నారు తల్లిదండ్రులు. చేతులెత్తారు. పుచ్చకాయ బ్రహ్మాండమైన మెజారిటీతో నెగ్గింది.

టీచరు కూడా చెయ్యెత్తింది. ఎత్తుతూనే, ఒక్కరైనా ఎత్తకుండా ఉన్నారేమోనని సభంతా కలయజూసింది. మూడో వరుసలో, ఇది చదువుతున్న మీ చెయ్యి అందరికన్నా పైన కనిపించింది.