కదలవలసిన రివెట్లు

ఆదివారం ఉదయం ఉగ్గాని పొయ్యి మీదినుంచి దిగేలోపు ఆరు రివెట్లు కొట్టి, ఎనిమిదింటికల్లా దినపత్రిక చేతబట్టాలన్నది అల్లాబకాష్ పథకం. గుంతకల్లు రైల్వేలో ముప్పయ్యారేళ్లు రేకును రేకుకు బిగించే రివెటర్‌గా పనిచేసి విరమించిన మనిషికి ఆరు రివెట్లు పని కాదు, చేతికి వ్యాయామం. రివెట్టును గురించి ఈ కాలంవారి పరిజ్ఞానం జీన్స్ ప్యాంటు జేబు అంచున మొదలై అక్కడే ముగుస్తుందని ఆయన దృఢాభిప్రాయం. తన రివెట్టు ఒక్కటైనా సర్వీసులో కదిలిందని రుజువు చేసినవారు లేరు. ఈ సంగతి తెలియనివారు ఊళ్లో లేరు. ఆయనే చెప్పి ఉన్నాడు.

పని అప్పగించినది మనవరాలు ఆసియా. పగలు రైల్వే ఆఫీసులో గుమాస్తా, సాయంత్రాలు రైల్వే ఇన్‌స్టిట్యూట్ క్లబ్బు ఆర్కెస్ట్రాలో డ్రమ్స్. ఆ సాయంత్రమే ఆర్కెస్ట్రాల పోటీ. డ్రమ్స్ పక్కన మోగే పళ్లెంలాంటి కొత్త కంచు సింబల్‌నూ, రెండు డజన్ల ఇత్తడి రివెట్ల పొట్లాన్నీ ఆయన ముందు పెట్టి, అంచు చుట్టూ ఆరు రంధ్రాలు వేసి రివెట్లు పెట్టమని చెప్పింది.

"రివెట్లు కొట్టింది మా తాతేనని స్టేజీ మీద నీ పేరు చదివిస్తా తాతా. మీ పెన్షనర్లందర్నీ పిల్చకరా," అని రిహార్సల్‌కు వెళ్లిపోయింది.

ఆ మాటతో ఆరు రివెట్లు అల్లాబకాష్ పరువుగా మారాయి. రివెట్లు వదులుగా ఉండాలని మాత్రం ఆసియా చెప్పలేదు. గజ్జెలు మోగాలని కంసాలికి ఎవరూ విడిగా చెప్పరు గదా.

పదకొండింటికి తిరిగి వచ్చి, పుల్లతో సింబల్‌ను కొట్టింది. అది టంగుమని ఊరుకుంది.

"ఇదేంది తాతా? పోపులో ఆవాలు పడినట్ల సుయ్యిమనల్ల గదా!"

"ఎందుకంటాది? కొట్టింది నేను."

"అవి కదలల్ల తాతా! లూజుగా ఉండి ఆడల్ల. రివెట్లు పెట్టేదే దానికి!"

అల్లాబకాష్ సుత్తి కింద పెట్టాడు. "తిట్టల్లంటే నేరుగా తిట్టమ్మా."

"బిడ్డ అడిగినట్ల కొట్టిస్తే నీ సొమ్మేం పోతాది?" అన్నది వంటింట్లోంచి భార్య గౌస్‌బీ.

మనవరాలి కోసం ఆయన సిద్ధపడ్డాడు. ఆరింటి తలలూ డ్రిల్లుతో కోసి, కొత్తవి ఆరు పెట్టాడు. ప్రతి రివెట్టుకూ రెండు మెత్తని దెబ్బలు వేసి ఆగాలి. రెండు వేసేవాడు. ఆగేలోపల మూడోది, అసలైనది, తనంతట తానే పడేది. ఆరింటికీ అలాగే పడింది.

"చెయ్యి నా మాట ఇంటాలేదు," అన్నాడు ఆయన, సిగ్గుపడవలసిన మాటను కొంత గర్వంగానే.

"నీ రివెట్లు నాకు పనికిరావు తాతా!" అని అరిచింది ఆసియా.

సరిగ్గా అప్పుడే పెన్షనర్ల సంఘం కార్యదర్శి ఓబులేసు, సాయంత్రం ఎన్ని గంటలకు బయలుదేరాలో అడుగుదామని గేటు తీస్తున్నాడు. ఆ మాట విని, తీసిన గేటును చప్పుడు కాకుండా మూసి వెళ్లిపోయాడు. పావుగంటలో సంఘం వాట్సాప్ గ్రూపులో వార్త వెలువడింది: అల్లాబకాష్ రివెట్లు ఫెయిల్. అరగంటలో ఏడుగురు పెన్షనర్లు తనిఖీ సుత్తితో సహా వరండాలో ఉన్నారు. ఒక్కొక్క రివెట్టుకూ ఒక పక్క వేలు ఆనించి, రెండోపక్క సుత్తితో తట్టారు.

"ఎవురప్పా ఫెయిలన్నది?" అన్నాడు ఓబులేసు, ఆ వార్త రాసినది తానేనని మరచి. "కొండ కదిలినా ఇవి కదలవు. ఫిట్టు!"

"అదే నా కర్మ!" అన్నది ఆసియా.

"శ్రీరంగప్పన్నను పిలిపించండి," అన్నది గౌస్‌బీ.

శ్రీరంగప్ప కూడా రివెటరే. పూర్వం ఒక చిన్న స్టేషన్‌లో ఆయన రివెట్టు వదులై నీళ్ల ట్యాంకు కారింది. ఆ ధార కింద ఊరి బిందెలన్నీ వరుసగా నిలబడ్డాయి; ఆడవాళ్లు ఆయనను పేరు పెట్టి దీవించారు. ఆ దీవెనను అల్లాబకాష్ ముప్పయ్యేళ్లుగా ప్రతి టీ అంగట్లోనూ వర్ణిస్తూనే ఉన్నాడు.

మూడు గంటలకు శ్రీరంగప్ప వచ్చాడు, సొంత సుత్తితో.

"ఏమప్పా, నాతో పని పడిండాదంట?"

అల్లాబకాష్ గొంతు సవరించుకున్నాడు. "ఈటిని... నీ మాదిరి కొట్టియ్యల్ల."

"నా మాదిరంటే?"

"నీ మాదిరే."

శ్రీరంగప్ప చుట్టూ చూశాడు. ఏడుగురు సాక్షులు, ఒక తనిఖీ సుత్తి. ఇటువంటి న్యాయస్థానం ఆయనకు ముప్పయ్యేళ్లుగా దొరకలేదు. చొక్కా చేతులు మడిచాడు. ఆరు రివెట్లు కోసి, ఆరు కొట్టాడు. అల్లాబకాష్ వేలు ఆనించి తట్టాడు, మళ్లీ తట్టాడు. అబద్ధం చెప్పడం చేతకాక, "నాకంటే బిగువుగా కొట్టినావు," అన్నాడు. పెన్షనర్లు చప్పట్లు కొట్టారు. ఇద్దరు వృద్ధులూ చేతులు పట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా నిలబడ్డారు.

"ముసలోళ్లు ఒకటయినారు, మంచిదే. నా సింబల్ సంగతేంది?" అన్నది ఆసియా. పొట్లంలో ఆరే మిగిలాయి. ఆమె డ్రిల్లునూ, సుత్తినీ, సింబల్‌నూ తీసుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

సాయంత్రం ముందు వరుసలో పెన్షనర్లు కూర్చున్నారు. మూడో పాటలో ఆసియా పుల్ల ఆ సింబల్‌ను తాకింది. రేకుల కప్పు మీద తొలి చినుకులు పడినట్టు, సన్నగా, సాగుతూ, తెగకుండా ఒక ధ్వని హాలంతా పరచుకుంది. వెనుక వరుసల్లో కొందరు తలలు తిప్పి కిటికీల వైపు చూశారు. వాన కరువైన ఆ జిల్లాలో అంతకు మించిన మెప్పు లేదు.

మొదటి బహుమతి ప్రకటించారు. ఆసియా ఉదయమే రాసి ఇచ్చిన చీటీని, అది మార్చడం ఎవరికీ గుర్తులేక, వ్యాఖ్యాత యథాతథంగా చదివింది: "ఈ రివెట్లు కొట్టినవారు, శ్రీ అల్లాబకాష్!"

హాలు మోగిపోయింది. ముందు వరుస మాత్రం మోగలేదు. ఆ సింబల్ చప్పుడు వదులు రివెట్లదని అక్కడివారికి తెలుసు. ఏడు మొహాలు ఆయనవైపు తిరిగాయి.

"లేయప్పా, నీవి కాదని చెప్పు," అని గొణిగాడు శ్రీరంగప్ప. "పేరు పోతాది."

అల్లాబకాష్ లేచాడు. "అవి నేను కొట్టినవి కాదు," అన్నాడు. "ఆరూ లూజు. నా చేత కాలేదు, శ్రీరంగప్ప చేతా కాలేదు. కొట్టింది నా మనవరాలు!" ఫిర్యాదుగా మొదలుపెట్టిన వాక్యం ముగిసేసరికి ఆయన ఛాతీ విరుచుకుని ఉన్నాడు. ఈసారి ముందు వరుస కూడా మోగింది.

ఆసియా దిగివచ్చి బహుమతి కప్పును ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన కళ్లు తుడుచుకుని, కప్పును తిరగేసి, పిడికి ఉన్న రివెట్టును గోటితో తట్టి, అది కదలడం చూసి, శ్రీరంగప్పను సుత్తి అడిగాడు.