పదో గడి

శనివారం ఉదయం ఏడింటి రైలుకు ధర్మవరంలో ఎక్కాలి. పెనుకొండ దాటేలోపు కుట్టే పద్ధతిని మనసులో ఒకసారి నెమరు వేసుకోవాలి. పదింటికి హిందూపురం ఆసుపత్రిలో పరీక్షకు నిలబడాలి. పవిత్ర వేసుకున్న ప్రణాళిక ఇంతే. యూరాలజీ శిక్షణలో ఆమెకు ఇది చివరి ఏడాది. ఈ పరీక్ష గట్టెక్కితే, తలుపుల అనే ఊరి నుంచి వచ్చిన లక్ష్మన్న మూత్రనాళంలో ఇరుక్కున్న రాయిని సోమవారం తనే సొంతంగా తీయవచ్చు. తప్పితే ఇంకో ఆరు నెలలు పెద్ద డాక్టర్ల పక్కన నిలబడి కత్తెర అందించాలి. ఆ పని చేసీ చేసీ ఆమెకు విసుగు పుట్టింది.

పరీక్ష మనిషి మీద కాదు. గొర్రె మూత్రపిండానికి అంటుకొని ఉండే సన్నటి నాళాన్ని కోసి, మళ్లీ కలిపి కుట్టాలి. అందులో నీళ్లు పోస్తే చుక్క కూడా బయటికి రాకూడదు. సరంజామా ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. పవిత్ర ముందురోజే రెండు మూత్రపిండాలు కొని, ఐసుపెట్టెలో సర్ది, అవ్వ ఆదెమ్మకు గట్టిగా చెప్పింది.

"అవ్వా, ఈ పెట్టె పెద్దసారు కోసం. జాగ్రత్త."

ఆదెమ్మ జాగ్రత్తే పడింది. రైలు పెనుకొండ దగ్గరికి వచ్చేసరికి ఒళ్లో పెట్టె కొంచెం వెచ్చగా తగిలింది. ఎండలు అలా ఉన్నాయిలే అనుకుంది పవిత్ర.

పరీక్ష చేయడానికి బెంగళూరు నుంచి వచ్చిన డాక్టర్ వేణుగోపాల్ నవ్వగా చూసినవాళ్లు ఎవరూ లేరు. ఆయన చేతిలోని కాగితం మీద పది గళ్లు ఉంటాయి, ఒక్కో గడికి ఒక్కో మార్కు. కత్తి పట్టడం, కుట్టు వేయడం లాంటివి తొమ్మిది. పదోది, అనుకోనిది ఎదురైతే నిబ్బరంగా ఉండటం. చాలామంది బోల్తా పడేది అక్కడే.

పవిత్ర చేతులు కడుక్కొని, గ్లోవులు తొడుక్కొని, పెట్టె మూత తీసింది. గదంతా అల్లం, మిరియాల వాసన గుప్పుమంది. లోపల వేపుడు ఉంది. నాలుగు ఉల్లిపాయ ముక్కలు కూడా ఉన్నాయి. వేణుగోపాల్ వంగి చూసి, పదో గడిలో ఏదో రాసుకున్నాడు.

నర్సు భవాని ఫోను పట్టుకుంటే పవిత్ర అవ్వతో మాట్లాడింది.

"పచ్చి మాంసం ఇచ్చి పంపితే ఆయప్ప ఆసుపత్రిలో యాడ వండుకుంటాడమ్మా? పెద్దోళ్ల కాడికి పచ్చిది తీసుకొనిపోతారా ఎవరన్నా? నువ్వు లేయకముందే లేసి ఏయించినా. అడుగున సంగటి గూడా ఉండాది, మర్చిపోవద్దు."

పవిత్రకు ఏడుపు వచ్చింది. ఏడవడానికి మాత్రం టైము లేదు. సారు రైలు ఒంటిగంటకు. భవాని తనకు తెలిసిన మటన్ కొట్టు కుళ్లాయప్పకు ఫోను చేసింది. శనివారం ఆయన కొట్టు తీయడు, ఫోనూ తీయడు.

ఈ గొడవంతా పక్క వార్డులోని లక్ష్మన్న చెవిన పడింది. తనకు ఆపరేషన్ చేయాల్సిన డాక్టరమ్మ గొర్రె మూత్రపిండం లేక పరీక్ష పోగొట్టుకుంటోందని తెలిస్తే, గొర్రెల మంద ఉన్నవాడు ఊరికే ఎలా పడుకుంటాడు? అతని తమ్ముడు గోపాల్ హిందూపురం బయటే ఎవరి చేనులోనో ఎరువు కోసం మంద ఆపి ఉన్నాడు. ఇరవై నిమిషాల్లో గోపాల్ బైకు మీద గొర్రెను అడ్డంగా వేసుకొచ్చి, వాచ్‌మన్ అడిగేలోపు భుజానికెత్తుకొని మెట్లెక్కాడు. లక్ష్మన్న సెలైన్ సీసా చేత్తో పైకి పట్టుకొని వెనకే వచ్చాడు.

"ఇదో అమ్మా, రెండూ దీని కడుపులోనే ఉండాయి, తీసుకో," అన్నాడు గోపాల్.

"ఏమప్పా గోపాల్, బతికున్నదాన్ని తెస్తే నేనేం చేసుకోను? ముందు దాన్ని కిందికి దింపు."

అతను దింపాడు. అది నేరుగా కుర్చీ దగ్గరికి పోయి, కుర్చీలో పెట్టిన పరీక్ష కాగితాన్ని అడుగు నుంచి తినసాగింది. వేణుగోపాల్ పైభాగం పట్టుకొని లాగాడు. తొమ్మిది గళ్లు ఆయనకు దక్కాయి.

పవిత్ర ఒకసారి కళ్లు మూసి తెరిచింది. కొత్త గ్లోవు ఒకటి తీసి రెండు వేళ్లు కత్తిరించింది.

"సార్, ఈ రెండింటినీ కలిపి కుడతాను. రబ్బరు కాబట్టి నాళం కంటే తొందరగా చిరుగుతుంది. మీరు ఒప్పుకుంటే."

"కుట్టు."

ఇంట్లో నాయన మగ్గం మీద అయిపోవచ్చిన పట్టుపోగులకు కొత్తపోగులు ఒక్కొక్కటే అతికే పని ఆమె వేళ్లకు పదేళ్ల వయసులోనే పట్టుబడింది. ఎనిమిది కుట్లు పడ్డాక, నాయన నేసిన చీరను చూసినట్టే, దాన్ని తిరగేసి లోపలి వైపు చూసుకుంది. ఒక కుట్టు నచ్చక విప్పి మళ్లీ వేసింది. తర్వాత వేణుగోపాల్ కొస బిగించి నీళ్లు పోశాడు. అందరూ వంగి చూశారు, గొర్రెతో సహా. చుక్క కారలేదు.

వేణుగోపాల్ మిగిలిన తొమ్మిది గళ్లూ నింపి, లక్ష్మన్న వైపు తిరిగాడు.

"అమ్మాయి పాసయింది. అయినా నువ్వు ఇంత సాయం చేశావు కాబట్టి, సోమవారం నేనే వచ్చి నీ ఆపరేషన్ చేస్తాను."

లక్ష్మన్న సీసాను ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు.

"వద్దులే సార్. ఆయమ్మ కుట్టింది నా కండ్లతో చూసినా. మీరు కుట్టింది నేను చూల్లేదు గదా. ఆయమ్మే చెయ్యాల."

ఆ రోజు డాక్టర్ వేణుగోపాల్ నవ్వడం గొర్రెతో కలిపి ఐదుగురు చూశారు. పవిత్ర కూడా నవ్వుతూనే ఏడ్చేసింది. ఆయన ఆ తర్వాత కుర్చీ లాక్కొని, సంగటి ముద్ద విరిచి, వేపుడు నంజుకున్నాడు.

సాయంత్రం అవ్వ ఫోను చేసింది. "పాసు చేసినాడంట గదా. అల్లం సరిపోయిందన్నాడా?"

"సరిపోయిందంట అవ్వా."

పవిత్రకు పదికి తొమ్మిది వచ్చాయి. పదో గడిలో ఏముందో గొర్రెకే తెలియాలి.