క్లబ్బు బల్ల ఇంటికొచ్చిన రోజు

ఆ పొద్దు రామచంద్రం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. భార్య అండాలుకు పాలు తాగించి, మాత్ర వేసి పడుకోబెట్టాలి. ఆమె లేచేసరికి ముందు గదిలో పూల్ టేబుల్ ఉండాలి. అంతే. జిల్లా ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ ఊరందరి ఫైళ్లనూ ఆలస్యం చేసి రిటైరైన మనిషి, తన పని ఒక్కటి మాత్రం అనుకున్న వేళకు అవుతుందని ఎలా నమ్మాడో ఆయనకే తెలియాలి.

ఆ టేబుల్ నల్లగొండలో ఉద్యోగుల క్లబ్బుది. టేకు కాళ్లు, పచ్చ బట్ట, బట్ట కింద నల్లరాతి బండ, అంచుల్లో బంతులు పడే ఆరు సంచులు. నిజాం జమానా నాటిదని క్లబ్బులో అందరూ గొప్పగా చెప్పుకొనేవారు, చూసినవాడు మాత్రం ఎవడూ లేడు. ఆఫీసు వదిలాక నేరుగా ఇంటికొచ్చిన సాయంత్రం రామచంద్రం సర్వీసులో లేదు. ఆడవాళ్లకు క్లబ్బులోకి ప్రవేశం లేదు. పిల్లలు లేని ఇంట్లో అండాలు అన్నం గిన్నె మీద మూతపెట్టి, గడప దగ్గర కూర్చుని, దారి వంక చూస్తూ ఉండేది. ఒకసారి ఆమె తమ్ముడు పరశురాం అచ్చంపేటలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిస్తే, ఆ రోజే క్లబ్బులో ఫైనల్ ఉందని బావగారు కదల్లేదు, అక్కనూ పంపలేదు. నలుగురిలో తల కొట్టేసినట్టయిందని పరశురాం అలిగాడు. అప్పటినుంచి బతుకమ్మ పండుగకు అక్కను తీసుకుపోవడం మానేశాడు. పుట్టింటి చీర కూడా ఆగిపోయింది. అండాలు ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే రామచంద్రానికి ఇప్పుడు కొంచెం తేలికగా ఉండేది.

రిటైరై రామన్నపేటలో ఇల్లు కట్టుకున్నాక జబ్బు బయటపడింది. హైదరాబాదు దవాఖానాలో చేయాల్సిందంతా చేసి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఏమైనా తినాలని ఉందా, ఎక్కడికైనా పోవాలని ఉందా అని రామచంద్రం అడిగాడు.

"నువ్వు రోజు ఆడిన గా గోలీల బల్లను ఒక్కసారి చూడాలె" అంది అండాలు. "నా సంసారమంత అదే తిన్నది గద. దాని మొఖం చూసి పోత."

ఆమె కోపంగా అనలేదు. మామూలుగా అంది. రామచంద్రం పెరట్లోకి పోయి, నల్లా తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో ఏడ్చాడు. తెల్లారి ఫోన్లు చేస్తే, క్లబ్బు భవనాన్ని పడగొడుతున్నారనీ పాత సామాను అమ్ముతున్నారనీ తెలిసింది. ఆమెకు చెప్పకుండా కొనేశాడు.

తెచ్చే పని ఎల్లేష్‌కు అప్పజెప్పాడు. ఎల్లేష్‌ది టెంట్ హౌస్. ఊళ్లో పెళ్లయితే షామియానా, కుర్చీలు, గుండిగలు పంపేది అతనే, ఎవరైనా పోతే శవాన్ని ఉంచే ఫ్రీజర్ పెట్టె పంపేదీ అతనే. బరువులెత్తే మనుషులు ఉన్నది కూడా అతని దగ్గరే. కాబట్టి బుద్ధి ఉన్నవాడెవడైనా అతని డీసీఎం బండినే మాట్లాడుకుంటాడు. కొంప మునిగింది అక్కడే.

"హారన్ కొట్టకున్రి. గట్టిగ మాట్లాడకున్రి. ఆమె లేవొద్దు" అని ఫోనులో ముందే హెచ్చరించాడు రామచంద్రం. "పచ్చ బట్ట ఖరాబైతది, మీదికెళ్లి తెల్ల దుప్పటి కప్పున్రి."

బండి వచ్చేలోగా ముందు గది ఖాళీ చేశాడు. సోఫా, కుర్చీలు వాకిట్లో వేశాడు. బకెట్లకొద్దీ నీళ్లు పోసి గదంతా కడిగాడు. దుమ్ముకు తుమ్ములొచ్చి కళ్లు ఎర్రబడ్డాయి. పక్కింటి శోభ గోడ మీద బట్టలు ఆరేస్తూ ఇదంతా చూసింది.

"ఏమైంది సారూ? అక్క ఎట్లున్నది?"

రామచంద్రం నోటి మీద వేలుపెట్టి, లోపలి గదివైపు చూపించి, తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడే ఎల్లేష్ బండి చప్పుడు చేయకుండా వచ్చి ఆగింది. అందులో కుర్చీల్లేవు, గుండిగల్లేవు. ఎనిమిది మంది దిగి, చెప్పులు విడిచి, తెల్ల దుప్పటి కప్పిన పొడుగాటి దాన్ని దించి, మాట్లాడకుండా లోపలికి మోసుకుపోయారు. శోభ చేతిలో తడి చీర అలాగే జారిపోయింది. ఆమె మంచి మనిషి. నిజంగానే ఏడ్చింది. ఏడుస్తూనే కాలనీ వాట్సాప్ గ్రూపులో అండాలక్క ఇక లేదని పెట్టింది.

దండం పెట్టే చేతుల బొమ్మలు వరుసగా వచ్చిపడ్డాయి. వార్డు మెంబరు నర్సింహ అందరికంటే చురుకైనవాడు. గంటలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కొట్టించి గేటు బయట నిలబెట్టాడు. అందులో అండాలు ఫొటో స్టాంపు బిళ్లంత, నర్సింహ ఫొటో తలుపంత ఉంది. ఎవరో అచ్చంపేటకు ఫోన్ చేశారు.

ఇదేమీ రామచంద్రానికి తెలియదు. అండాలు లేస్తుందని ఫోను సైలెంటులో పెట్టాడు. మోసినవాళ్లు బల్లకు కాళ్లు బిగించి వెళ్లిపోయాక తలుపులు మూసి, బల్ల కిందికి దూరి, బంతి ఒకవైపుకు దొర్లకుండా కాళ్ల కింద అట్టముక్కలు పెడుతూ చాలాసేపు గడిపాడు. ఒళ్లంతా దుమ్ముతో లేచి తలుపు తీస్తే వాకిలి నిండా జనం. తన సోఫాలోనే కూర్చున్నారు. ముసలి యాదయ్య లేచి వచ్చి ఆయన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"మీకెట్ల తెలిసిందే?" అన్నాడు రామచంద్రం ఆశ్చర్యంగా.

"గిసొంటిది దాగుతదా సారూ?" అన్నాడు యాదయ్య. "చానా తక్లీఫైందా?"

"గుమ్మం కాడ జర ఇరుకైంది. అటెన్క మంచిగనే అయింది" అన్నాడు రామచంద్రం. కాలనీవాళ్లకు పూల్ టేబుల్ మీద ఇంత ప్రేమ ఉందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. కళ్లొత్తుకున్నాడు. యాదయ్య ఆయన వీపు నిమిరాడు.

అచ్చంపేటవాళ్లు వచ్చేదాకా వాకిట్లోనే ఉందామనుకుని కదలని జనానికి చాయ్ పెట్టాలా వద్దా అని ఆయన తటపటాయిస్తుండగా మధ్యాహ్నమైంది. అచ్చంపేట కారు వచ్చి ఆగింది. అందులోంచి పరశురాం దూకినట్టే దిగాడు. చంకలో కొత్త చీర, పసుపు కుంకుమల పొట్లం. ఆడపడుచు పోతే పుట్టింటివాళ్లు కప్పే చీర అది. బావ వంక చూడకుండా లోపలికి ఉరికి, తెల్ల దుప్పటి మీద పడిపోయాడు.

"అక్కా! నీకు ఒక్క చీర పెట్టకపోతి గదనే! పండుగకు పిలువకపోతి గదనే! బావ మీది కోపం నీ మీద తీస్తినే అక్కా!"

తల బాదుకున్నాడు. కింద ఉన్నది రాతి బండ. రెండోసారి బాదుకునేటప్పుడు కొంచెం నెమ్మదిగా బాదుకున్నాడు. రామచంద్రానికి అప్పుడు అంతా అర్థమైంది. చెప్పబోయి ఆగాడు. ఆ ఏడుపు ఇంకా నిజం కాలేదు గానీ అబద్ధం కూడా కాదు. ఇంకొన్నాళ్లకు ఈ గదిలోనే, ఈ మనుషులే, ఇట్లాగే ఏడుస్తారని ఆయన కళ్లకు కట్టింది. గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

లోపలి గది తలుపు తెరుచుకుంది.

"ఎవరయ్యా ఏడుస్తున్నది?" అంది అండాలు, గోడ పట్టుకుని వస్తూ. "ఎవరు పోయిన్రు పాపం?"

వాకిట్లో ఒకరిద్దరు కెవ్వుమన్నారు. శోభ కళ్లు మూసుకుంది. నర్సింహ ఫ్లెక్సీని చప్పుడు కాకుండా చుట్టేయడం మొదలుపెట్టాడు. పరశురాం బల్ల మీదినుంచి తలెత్తి, అక్కను చూసి, చేతిలోని చీరను వీపు వెనక్కి దాచుకున్నాడు.

అండాలు తమ్ముణ్ని చూసింది. బయటి జనాన్ని చూసింది. దాచిన చీర అంచును చూసింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"నాకేనా తమ్మీ?"

పరశురాం నేల మీద కూర్చుని పసివాడిలా ఏడ్చాడు.

"ఇటియ్యి" అంది అండాలు. "మంచి రంగే తెచ్చినవ్. మళ్లొకసారి ఎందుకు తెచ్చుడు? ఇయ్యాల్నే కట్టుకుంట."

శోభ సాయం పట్టి ఆమెకు ఆ చీర కట్టింది. ఒంటి మీద నిలవక రెండు చుట్లు ఎక్కువే వచ్చింది. కుర్చీ వేసి కూర్చోబెట్టాక, రామచంద్రం దుప్పటి లాగాడు. పచ్చ బట్ట మీద రంగుబంతులు పేర్చాడు.

"గిదేనా?" అంది అండాలు.

"గిదే."

"ఆడు మరి. చూస్త."

అన్నేళ్లు ఆడిన చేతికి ఆ రోజు ఆట రాలేదు. మొదటి దెబ్బకు కర్ర జారింది. రెండో దెబ్బకు తెల్ల బంతే నేరుగా మూల సంచిలో పడింది.

"పడ్డది!" అని అండాలు చప్పట్లు కొట్టింది.

"అది పడొద్దు అండాలూ. అది పడితే తప్పు."

"మరెందుకేసినవ్?"

వాకిట్లో నవ్వులు లేచాయి. అండాలు కూడా నవ్వింది, దగ్గొచ్చేదాకా నవ్వింది. దగ్గు తగ్గాక బల్ల అంచు మీద అరచేయి వేసి, మెల్లగా రాసి చూసింది.

"ఇన్నేండ్లు నేను ఏమేమో అనుకున్న" అంది. "దీంట్ల ఏదో పెద్ద గొప్ప ఉన్నది, అందుకే ఇంటికి రాబుద్ధైతలేదు అనుకున్న. గంత గొప్పదైతే నాకు బాధ లేకుండె. గీ గోలీలను గీ సంచులల్ల ఏసుడేనా?"

రామచంద్రం కర్ర గోడకానించి, ఆమె పాదాల దగ్గర కూర్చున్నాడు. ఆయనకు జీవితంలో అంత సిగ్గు, అంత దుఃఖం ఎన్నడూ కలగలేదు. పరశురాం బావ పక్కనే కూర్చున్నాడు. అచ్చంపేటకు తీసుకుపోతానని అక్కను బతిమాలాడు. అంత దూరం కూర్చోలేనని ఆమె చెప్పింది. అప్పుడు బావా బామ్మర్దులిద్దరూ కలిసి ఏడ్చారు. పరశురాం నుదుటి మీద బొప్పి మాత్రం రాత్రికి గానీ తగ్గలేదు.

ఆ తర్వాత ప్రతి సాయంత్రమూ అండాలు కుర్చీ వేయించుకుని ఆట చూసేది. కూర్చోలేని రోజు మంచాన్నే ముందు గదిలోకి జరిపించుకునేది. ఆమె కళ్లు మూసుకున్నా బంతుల చప్పుడు ఆగకుండా రామచంద్రం ఆడుతూనే ఉండేవాడు. ఒక్కోసారి ఆమె నిద్రలోనే నవ్వేది.

వానలు మొదలైన నెలలో ఒకరోజు తెల్లారి అండాలు లేవలేదు.

రామచంద్రం ఫోన్ చేస్తే ఎల్లేష్ బండి వచ్చింది. తెల్లగుడ్డ కప్పిన పొడుగాటి పెట్టెను దించుతుంటే, ఎదురింటి వాకిట్లో ముగ్గు వేస్తున్నామె తలెత్తి చూసి మళ్లీ ముగ్గులో పడింది. ఒకసారి నవ్వులపాలైన కాలనీ గనుక వాట్సాప్‌లో ఎవరూ ఏమీ పెట్టలేదు. బట్టలు ఆరేస్తున్న శోభ గోడ మీదినుంచి తొంగి చూసి నవ్వింది.

"ఈసారేం కొన్నరు సారూ?"

రామచంద్రం పెట్టె మీద జారిన తెల్లగుడ్డను సరిచేశాడు.

"కొనలేదమ్మా" అన్నాడు. "కిరాయిది."