పిట్టలకు పట్టని విమానం

మా చిన్నాయన ధనపాల్ అబద్ధం చెప్పే ముందు గొంతు సవరించుకుంటాడు. అందువల్ల వినేవాళ్ళకు సిద్ధపడటానికి కాస్త సమయం దొరుకుతుంది.

గోరిమేడులో వాళ్ళింట్లో ఉండి నేను నర్సింగ్ చదువుతున్నాను. ఆ వీధిలో ఇద్దరు ధనపాల్‌లు. ఒకాయన మిల్లు ధనపాల్, మా చిన్నాయన రిమోట్ ధనపాల్. మొదట రిమోట్ కారు తెచ్చాడు. అది చిన్నమ్మ ఎండబెట్టిన వడియాల మీద మూడుసార్లు తిరిగింది. తరువాత పడవ తెచ్చాడు. సోలై నగర్ దగ్గర సముద్రంలో వదిలితే, అది రిమోట్ మాట వినడం మానేసి తూర్పుకు వెళ్ళిపోయింది. ఈపాటికి అండమాన్‌లో దిగి ఉంటుందని చిన్నమ్మ అంచనా. ఇంకో బొమ్మ ఇంట్లోకి వస్తే అది నేరుగా తన చెల్లెలు సుగంధి పిల్లలకు పోతుందని ఆ రోజే తేల్చి చెప్పింది.

పోయిన నెల మంచం కింద నాలుగడుగుల అట్టపెట్టె దొరికింది.

"ఏంది ఇది?" అంది చిన్నమ్మ కనకం.

చిన్నాయన గొంతు సవరించుకున్నాడు. "విమానం. బొమ్మ కాదు, వ్యవసాయానికి."

"ఎవురి వ్యవసాయానికి?"

"మనదే. బాహూరులో నీ చేను లేదా? వరి పాలు పట్టతా ఉండాదంటివే. పిట్టల్ని తోలేదానికి తెచ్చినా."

పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో చిన్నాయన ఆ చేనుకు వెళ్ళింది రెండుసార్లు. అందులో ఒకసారి పక్కవాళ్ళ చేను చూసి మెచ్చుకుని వచ్చాడు.

చిన్నమ్మ అరుస్తుందనుకున్నాను. ఆమె ఫోన్ తీసి, చేను చూసుకునే తమ్ముడు గణేశన్‌ను పిలిచింది. "గణేశా, రేపటి నుంచి మీ బావ పిట్టల్ని తోలేదానికి వస్తాడు. అవును, మీ బావే. లేదు, జొరం ఏమీ లేదు."

"రేపా?" అన్నాడు చిన్నాయన. "నేను ఆదివారం ఆదివారం అనుకున్నా."

"పిట్టలకు ఆదివారం తెలుసునా? ఐదున్నరకంతా వచ్చేస్తాయి. కోత దాకా ఇరవై దినాలు. ఆఫీసు టయానికి తిరిగి రావచ్చు."

ఏం జరుగుతుందో చూసి చెప్పమని నన్నూ మోటార్‌సైకిల్ వెనక ఎక్కించింది.

తెల్లవారుతుండగా విమానం లేచింది. ఎర్ర రెక్కలతో అది వరి మీద గుండ్రంగా తిరుగుతుంటే పిచ్చుకలన్నీ కరెంటు తీగ మీదికి చేరాయి. చిన్నాయన ముఖం వెలిగిపోయింది.

"చూడమ్మా, నేను చెప్పినట్ల ఎట్ల వింటా ఉండాదో. ఇంట్లో ఎవురన్నా ఇట్ల వింటారా?"

ఎనిమిది నిమిషాలకు బ్యాటరీ అయిపోయి విమానం దిగింది. పిచ్చుకలూ దిగాయి.

మూడో రోజు అవి తీగ దాకా వెళ్ళలేదు. తల కాస్త వంచి, విమానం దాటిపోయాక మళ్ళీ వరి వెన్నులు ఒలిచాయి. ఐదో రోజు ఒక చిలక దాని పక్కనే కొంత దూరం ఎగిరి, నచ్చక వెనక్కి వచ్చింది.

"ఏంది బావా," అన్నాడు గణేశన్, "తినేవాళ్ళకు ఉక్క పోస్తా ఉండాదని విసరతా ఉండారా?"

చిన్నాయనకు రోషం వచ్చింది. విమానాన్ని మరీ కిందికి దించాడు. అది కరెంటు స్తంభానికి కొట్టుకుని, రెక్క విరిగి, కాలువలో పడింది.

"అయ్యో, నా విమానం" అని కేకలు పెడుతూ, ఒక చేత్తో రిమోట్, ఒక చేత్తో లుంగీ పట్టుకుని జానెడు గట్టు మీద పరుగెత్తాడు. జారాడు. లేచి ఇంకా గట్టిగా అరిచాడు.

పిచ్చుకలు, చిలకలు, వరితో ఏ సంబంధమూ లేని కొంగలు కూడా లేచి చెరువు దాటి పోయాయి. ఆ పూట మళ్ళీ రాలేదు.

గణేశన్ అక్కడి నుంచే ఫోన్ చేశాడు. "అక్కా, విమానం వద్దు. బావను మటుకు పంపించు."

సాయంత్రం చిన్నాయన విరిగిన రెక్కకు జిగురు రాస్తుంటే చిన్నమ్మ ఎదురుగా కూర్చుంది. "బాగా అతికించండి. పిట్టల కోసమే కదా తెచ్చినారు, వాటికే అక్కర్లేదంట. ఇంట్లో పెట్టుకోని ఏం చేస్తాం?"

చిన్నాయన ఈసారి గొంతు సవరించుకోలేదు. చివరికి నిజమే చెప్పాడు. "అది బొమ్మే కనకం. ఆదివారం ఎగరేసుకోవాలని ఆశపడి తెచ్చినా."

"బొమ్మేనా? అయితే సరి. సుగంధి పిల్లలు ఎల్లుండి వస్తా ఉండారు."

అంతలో ఫోన్ మోగింది. బాహూరులో పక్క చేను పూంగొడి.

"విమానమా? లేదు పూంగొడీ, మనిషి మటుకే," అంది చిన్నమ్మ. "మా చేను అయినాక ఆరున్నరకు పంపిస్తా. అరుస్తాడు, అరుస్తాడు. దానికి నువ్వు ఏమీ చెప్పే పని లేదు."

చిన్నాయన జిగురు సీసాకు మూత పెట్టి, మెల్లగా అన్నాడు. "వాళ్ళ గట్టు కొంచెం వెడల్పేనా, అడుగు."