ఎండలో నాలుగు సెల్లులు

ఆ బుధవారం ముకుందం వేసుకున్న పథకం చాలా చిన్నది. పెద్దాఫీసరుతో కలిసి ఏడు గంటల బస్సుకు సత్యవేడు వెళ్లాలి, అక్కడి గుట్టల్లో రేడియేషన్ మీటరు పనిచేస్తుందని చూపించాలి, సాయంత్రానికి తన పర్మనెంటు కాగితం మీద ఆయన సంతకం పడాలి. తిరుపతిలోని ఒక ఖనిజాల సర్వే ఆఫీసులో అతను ఆరేళ్లుగా టెంపరరీ అటెండరు. మీటరు పెట్టె మోయడం, దాని సెల్లుల బాగోగులు చూడటం అతని పని.

పనయ్యాక సెల్లులు మీటరులోనే వదిలేస్తే కారి, లోపలంతా చిలుము పడుతుంది. అందుకని రోజూ నాలుగింటినీ తీసి, ఇంటికి తెచ్చి, రేడియో పక్క గూట్లో పెట్టేవాడు. ఆఫీసులో ఉంచితే ఎవరైనా కాజేస్తారని భయం. ఇంట్లో మామగారు శఠగోపం ఉన్నాడన్న సంగతి ఆ భయంలోకి రాలేదు.

ఆ తెల్లవారుజామున సుప్రభాతం మధ్యలో రేడియో గొంతు కీచుమంది. శఠగోపం గూట్లోని సెల్లులు రేడియోలో వేసి, రేడియోలోని చచ్చిన నాలుగింటినీ అంతే శ్రద్ధగా గూట్లో పేర్చాడు. ముకుందం హడావుడిగా వాటిని మీటరులో వేసుకుని పరుగెత్తాడు. బ్యాటరీ మీట నొక్కి చూడాలన్న నియమం బస్సు హారనులో కొట్టుకుపోయింది.

సత్యవేడు దగ్గర మునెమ్మ అనే ముసలామె శెనగచేను గట్టున ఆఫీసరు రాజారత్నం ఆ మీట నొక్కాడు. ముల్లు పచ్చగీత దాటాలి. అది కదల్లేదు.

"ఏమయ్యా, ఇది బతికే ఉందా?"

"ఉండాది సార్. సలికి బిగుసుకోనుండాది. రవ్వంత ఎండ తగలాల."

జిల్లాలో రేడియో ఉన్న ప్రతి ఇంట్లోనూ చేసే పనే ముకుందానికి తోచింది. సెల్లులు తీసి, వడియాలు పెట్టినట్టు బండ మీద వరసగా పెట్టాడు. పక్క చేను మునిరామయ్య వచ్చి వంగి చూశాడు.

"ఏందప్పా ఎండేసినావు?"

"ముట్టుకోవాక అన్నా. గవర్నమెంటుది."

"ముట్టుకుంటే ఏమయితాది?"

"ఏమైనా అయితాది," అన్నాడు ముకుందం, తన ఉద్యోగాన్ని తలుచుకుని.

అంతే చాలింది. పావుగంటలో ఆటంబాంబు ముక్కలు ఎండబెట్టారని ఊరంతా పాకింది. గొడ్లను విప్పి దూరంగా తోలారు. బస్సు దిగినవాళ్లు అదే బస్సు మళ్లీ ఎక్కారు. చివరికి మునిరామయ్య ఇరవైమందిని వెంటేసుకుని ఆఫీసరు దగ్గరికి వచ్చాడు.

"దొరా, ఆ నాలుగూ పేల్తాయా?"

రాజారత్నం హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చినవాడు. మీటరు పుస్తకం మొత్తం చదివాడు గానీ సెల్లుల మూత ఎన్నడూ తీసి ఎరగడు. ఇరవైమంది ముందు తెలియదనడం ఎట్లా?

"పేలవు. ఎండలోని శక్తిని పీల్చుకుంటాయి. శాస్త్రీయ పద్ధతి."

"ఎంతసేపు పీలుస్తాయి సామీ?"

"కచ్చితంగా అరగంట," అన్నాడు ఆఫీసరు, గడియారం చూసుకుంటూ. ఊరు శాంతించి ఆయన్ను చింతచెట్టు కిందికి తీసుకుపోయి మజ్జిగ ఇచ్చింది.

మునెమ్మ మాత్రం బండ దగ్గరే చతికిలబడింది.

"ఇవి బ్యాటరీ లైటు సెల్లులే గదా నాయనా."

"అవునవ్వా. సచ్చినాయి. ముల్లు లేయకపోతే నా ఉద్యోగమూ వీటితోనే."

"ఎండబెడితే లేస్తాయా?"

"పాట వినేదానికి లేస్తాయి. దీనికి సాలదు."

"మరెందుకు ఎండేసినావు?"

"ఇంకేం సేయాల్నో తెలీక."

మునెమ్మ నవ్వి, అడవిపందుల కాపలాకు వాడే పొడుగు లైటు తెచ్చి మూత తిప్పింది. అందులోంచి నాలుగు సెల్లులు జారాయి.

"నిన్న సంతలో ఏసుకొచ్చినా. తీసుకో."

"పందులొస్తే?"

"నాలుగు రోజులు తప్పెట కొట్టుకుంటాలే. కొత్తవి తెచ్చియ్యి. వాటితోపాటు తిరుమల కొండ లడ్డు గూడా."

అరగంటకు ఆఫీసరు వచ్చి మీట నొక్కాడు. ముల్లు పచ్చగీత దాటి నిలబడింది. మునిరామయ్య సూర్యుడికి దండం పెట్టాడు. రాజారత్నం తనకు ఇంత తెలుసని తనకే తెలియనట్టు ముల్లును వంగి చూశాడు.

"సార్, నిజం ఏమంటే..." అన్నాడు ముకుందం.

"నిజం కళ్లముందే కనిపిస్తోంది కదయ్యా," అని ఆఫీసరు అక్కడే, మీటరు పెట్టె మీద కాగితం పెట్టి సంతకం చేశాడు.

ఇంటికి రాగానే సుప్రభాతం కన్నా గట్టిగా మోగుతున్న రేడియోను చూసి ముకుందానికి సంగతి అర్థమైంది.

"మామా, గూట్లో సెల్లులు మార్చినావా?"

"మార్చకపోతే నీకు పర్మనెంటు యాడిది అల్లుడూ?" అన్నాడు శఠగోపం, చేనుగట్టు కథంతా విని.

పది రోజులకు రాజారత్నం రిపోర్టు మీద అన్ని శాఖాఫీసులకూ సర్క్యులరు వచ్చింది. మీటరు సెల్లులను రోజూ అరగంట ఎండబెట్టాలి. తిరుపతి ఆఫీసు మిద్దె మీద పర్యవేక్షణకు ముకుందాన్ని నియమించి, ఒక గొడుగు మంజూరు చేశారు.

ఇప్పుడు ఆ మిద్దె మీద పొద్దున పూట ముప్పై రెండు సెల్లులు ఎండుతుంటాయి. మీటరుకు పట్టేవి నాలుగే. మిగతావి ఆఫీసువాళ్ల ఇళ్ల రేడియోలవి.