గాలి లేని గాలిదిండ్లు

గాజు కూజాల కర్మాగారం నుంచి పదకొండేళ్లుగా ఒక్క కూజా కూడా పగలకుండా గమ్యం చేరుతున్నందుకు యాజమాన్యం తీవ్ర ఆందోళన వ్యక్తం చేసింది.

ఆందోళన న్యాయమైనదే. అక్కడ పగుళ్ల నివారణకు ప్రత్యేకంగా ఒక అధికారి ఉన్నారు, అధికారికి గది ఉంది, గదికి ఏసీ ఉంది, ఏసీకి రిమోటు కూడా ఉంది. లేనివల్లా పగుళ్లే. ప్రధాన కార్యాలయం ఏటా పంపే ఫారంలో 'నిరుటితో పోలిస్తే పగుళ్లు ఎంత శాతం తగ్గినవి' అని ఒక గడి ఉంటుంది. సున్నాను ఇంకా తగ్గించడం ఎలాగో ఎవరికీ తెలియక ఆ గడిని ఖాళీగా పంపుతూ వచ్చారు. ఖాళీ గడి చూసిన పైవాళ్లు అక్కడ ఎవరూ పని చేయడం లేదని తేల్చారు.

ఈ దుస్థితికంతటికీ కారణం ఒకే ఒక మనిషి. ప్యాకింగ్ షెడ్డుకు పెద్ద, అందరూ గడ్డక్క అని పిలిచే ఆవిడ. ఆవిడా, ఆవిడ కింద అయిదుగురు ఆడవాళ్లూ కూజాలకు గడ్డి పెడుతూ బతుకుతున్నారు. ముప్పై ఏళ్ల సర్వీసులో మేనేజరుకు పెట్టే అవకాశం మాత్రం గడ్డక్కకు ఇంకా చిక్కలేదు. ఆవిడ పద్ధతి వినడానికే మోటుగా ఉంటుంది. కూజా కడుపులో నలిపిన పాత కాగితాలు, సన్నటి మెడకు కాగితపు కండువా, అడుగున నాలుగు వేళ్ల మందం ఎండుగడ్డి, పక్కల గడ్డి, నెత్తిన గడ్డి. మూత మీద చెయ్యేసి నొక్కితే లోపలి గడ్డి తిరిగి చేతిని నొక్కాలి. నొక్కకపోతే పెట్టె విప్పి మళ్లీ మొదలు. ఇందులో శాస్త్రం లేదు, గ్రాఫు లేదు, తెర మీద చూపడానికి బొమ్మ అయినా లేదు. ఇలాంటి పద్ధతి వల్ల కూజాలు భద్రంగా చేరడం సంస్థ ప్రతిష్ఠకు భంగకరమని వేరే చెప్పనక్కర్లేదు.

కనుక 'రక్షణ సామగ్రి ఎంపిక సంఘం' ఏర్పాటైంది. అధ్యక్షులు మేనేజరుగారు. సభ్యులు పగుళ్ల అధికారి. సలహాదారు, అట్టపెట్టెలూ గాలిదిండ్లూ అమ్మే ఒక వ్యాపారి. ఆయన మేనేజరుగారి బావమరిది కావడం కేవలం ఆయన చేసుకున్న అదృష్టం. చుట్టే సామాను చుట్టం దగ్గర కొంటేనే ఆప్యాయంగా చుట్టుకుంటుందని సంఘం మొదటి సమావేశంలోనే గుర్తించింది.

రెండో సమావేశంలో బావమరిది ప్రసంగించారు. "మనమింతకాలం వస్తువును కాపాడుతున్నామనే భ్రమలో ఉన్నాం. వస్తువును ఎవరైనా కాపాడతారు. కొనేవాడి అనుభూతిని కాపాడేదెవరు? గడ్డి వస్తువును ఆపుతుంది, నిజమే. కానీ గడ్డి మనిషిని ఆపగలదా? ఆపి, చూపించి, ఆహా అనిపించగలదా?" సంఘం చప్పట్లు కొట్టింది. గోడవారన నిలబడ్డ గడ్డక్క, పక్కనున్న, షెడ్డులో పెట్టెలకు లేబుళ్లు అంటించే లేబుళ్లావిడ చెవిలో, "గడ్డి మనిషిని ఆపదు గానీ, మనిషే గడ్డి తినకుండా ఆగడం లేదే" అంది.

తరువాత పరీక్ష. నాలుగు రకాల సామగ్రి పోటీకి నిలిచింది: గడ్డి, బుడగల కాగితం, థర్మాకోలు గుళికలు, గాలిదిండ్లు. గాలిదిండ్లంటే గాలి నింపి మూతి బిగించే చిన్న ప్లాస్టిక్ సంచులు. నాలుగు పెట్టెలను ఆఫీసు రెండో అంతస్తు మెట్ల మీంచి దొర్లించి, విప్పి చూడాలని నిర్ణయం. పెట్టెలు దొర్లాయి. అధికారి వంగి విప్పారు. నాలుగింటిలోనూ ఏదీ పగలలేదు. ఎందుకంటే ఏ పెట్టెలోనూ కూజా లేదు.

"లోపల కూజా పెట్టి దొర్లించండి సార్" అంది గడ్డక్క.

"పగిలితేనో?" అన్నారు మేనేజరుగారు.

"పగులుతుందో లేదో చూడ్డానికే కద సార్, పరీక్ష."

"అమ్మా, ఒక కూజా పగిలితే పదకొండు సంతకాల ఫారం నింపాలి. ఆ అనుభవం ఇక్కడ ఎవరికైనా ఉందా? నీ పుణ్యమా అని ఎవరికీ లేదు."

ఇలా రక్షణ విషయంలో నాలుగింటికీ నూటికి నూరు వచ్చాయి. ఇక తేడా చూడవలసింది రూపం, సువాసన, విప్పేటప్పటి చప్పుడు మొదలైన ముఖ్యాంశాల్లోనే. రూపంలో గడ్డికి మూడు మార్కులు వచ్చాయి. 'పశువులకు ఆకలి కలిగించును' అని వ్యాఖ్య రాశారు. బుడగల కాగితాన్ని సభ్యులు వరుసగా టప్‌టప్‌మని నొక్కుతూ కూర్చోవడంతో పరీక్ష పూర్తయ్యేసరికి అందులో బుడగలు మిగల్లేదు, దాన్ని అనర్హమని తేల్చారు. థర్మాకోలు గుళికలు ఏసీ గాలికి లేచి అధ్యక్షుల మీసాన్ని ఆశ్రయించి క్రమశిక్షణ తప్పాయి. మిగిలింది గాలిదిండ్లు. వాటికి తోడు బంగారు రంగు పెట్టె, దానిమీద ఒక్కసారి విప్పితే మళ్లీ ఎవరి తరమూ కాని రిబ్బను ముడి. ఎంపిక ఏకగ్రీవం.

గడ్డక్క ఊరుకోలేదు. గడ్డి వద్దని షెడ్డు మూస్తే ఆరుగురూ రోడ్డున పడతారు. ఆవిడ మేనేజరు గదిలోకి నేరుగా వెళ్లి, "ఒక్క లోడు మీ పద్ధతిలో పంపండి సార్. ఒక్క ఫిర్యాదు కూడా రాకపోతే మేమే తాళం వేసి మీ చేతికిస్తాం. వస్తే మా గడ్డి జోలికి రావద్దు" అంది. మేనేజరుగారు ఉదారంగా ఒప్పుకుని, ఉదారంగా ఒప్పుకున్నట్టు నోటీసు కూడా అంటించారు.

ఆరు వందల కూజాలు బయల్దేరవలసిన రోజున గాలిదిండ్లు వచ్చాయి, చపాతీల్లా బల్లపరుపుగా. గాలి నింపే యంత్రం రెండో దశలో మంజూరవుతుందట. నోటితో ఊదబోయిన లేబుళ్లావిడ మూడో దిండుకే కళ్లు తిరిగి కూలబడింది. వెంటనే సర్క్యులర్ వచ్చింది: 'సిబ్బంది తమ శ్వాసను సొంత అవసరాలకు మాత్రమే వాడవలెను. పెట్టెలో సహజముగా ఉండు గాలి సరిపోవును.' కూజా మెడ చుట్టూ వట్టి ప్లాస్టిక్ తొడిగి, బంగారు పెట్టెలో దించి, రిబ్బను కట్టారు. గడ్డక్క మూత మీద చెయ్యేసి నొక్కింది. లోపల్నుంచి ఎవరూ పలకలేదు.

లారీ గేటు దాటుతుంటే లేబుళ్లావిడ అంది, "అక్కా, అవి పగలాలని మొక్కుకుందామా? పాపమేమోనే."

"నాకూ అదే బెంగ. ముప్పై ఏళ్లు పగలొద్దు పగలొద్దు అనుకుని, ఇప్పుడు ఏం మొహంతో అడగను" అంది గడ్డక్క. అడగాల్సిన పని లేకుండానే మొదటి గతుకులో లారీ గలగలమంది. ఆరుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బాధ పడాలో సంతోషించాలో తెలియక ఎవరి పనిలోకి వాళ్లు వెళ్లారు.

వారం గడిచింది. ఫిర్యాదు రాలేదు. రెండు వారాలు గడిచాయి. వచ్చింది ఫిర్యాదు కాదు, రెండు వేల పెట్టెలకు కొత్త ఆర్డరు. గడ్డక్కకు అన్నం సహించలేదు. లారీ తిరిగి రాగానే డ్రైవరును పట్టుకుంది.

"దారంతా గలగలే అక్కా, గాజుల దుకాణం మోసుకెళ్తున్నట్టుంది" అన్నాడు డ్రైవరు. "దించేటప్పుడు నాకు చెమటలు పట్టాయి. షాపాయన ఒక్క పెట్టె విప్పితే ఒట్టు. అద్దాల్లో పేర్చాడు. జనం ఎగబడి కొన్నారు."

"కొన్నవాళ్లయినా విప్పరా?"

"వాళ్లకెందుకు, వాళ్లు ఇంకొకళ్లకి ఇవ్వడానికి కొన్నారు."

"ఆ ఇంకొకళ్లు?"

"విప్పితే ఆ ముడి మళ్లీ పడదు కదక్కా. వాళ్లకీ పెళ్లిళ్లూ పుట్టినరోజులూ ఉంటాయి. నాకూ ఒకటి వచ్చింది, మా పెద్దాఫీసరు కూతురికి ఇచ్చేశా."

గడ్డక్క మర్నాడు పొద్దున్నే కొత్త లోడులోంచి ఒక పెట్టె తీసుకుంది. దాన్ని సైకిలు వెనకాల కట్టి ఊరంతా ఒక చుట్టు తిప్పింది. తెచ్చి మేనేజరుగారి బల్ల మీద పెట్టి, రిబ్బను కోసి, మూత తీసి, బోర్లించింది. కూజా మెడ ఒకచోట, కడుపు ఏడు చోట్ల పడ్డాయి.

మేనేజరుగారు ఒక ముక్కను పెన్నుతో పక్కకు జరిపారు. "ఎవరు విప్పారు?"

"నేనే విప్పాను సార్, మీ కళ్ల ముందే."

"చూశావా. రెండు వేల ఆరు వందల పెట్టెల్లో ఒక్కటే విప్పారు, అదొక్కటే పగిలింది. విప్పనివాటి మీద ఒక్క ఫిర్యాదూ లేదు. లోపం ప్యాకింగులో ఉన్నట్టా, విప్పడంలో ఉన్నట్టా? నువ్వే చెప్పమ్మా, నువ్వు పెద్దదానివి."

ఆ సాయంత్రానికల్లా ప్రతి పెట్టె మీదా 'విప్పరాదు' అని అందమైన అక్షరాలతో అచ్చు వేయాలని ఉత్తర్వు వెలువడింది. పగుళ్ల అధికారి తన సర్వీసులో మొదటిసారిగా పదకొండు సంతకాల ఫారం నింపారు. ఆ ఏడాది పగిలిన కూజాల సంఖ్య ఒకటి అని నమోదైంది. వచ్చే ఏడాది దాన్ని నూటికి నూరు శాతం తగ్గించగలమని ప్రధాన కార్యాలయానికి హామీ వెళ్లింది. ప్రధాన కార్యాలయం మెచ్చుకుని గాలి నింపే యంత్రాన్ని మంజూరు చేసింది. దాన్ని ప్రస్తుతం అతిథుల కారు టైర్లకు వాడుతున్నారు.

మాట ప్రకారం గడ్డక్క షెడ్డుకు తాళం వేసి ఇచ్చేసింది. ఆరుగురికీ వీడ్కోలు సభ జరిగింది. "సంస్థను ముప్పై ఏళ్లు గడ్డిలో పెట్టి కాపాడిన మాతృమూర్తి" అని మేనేజరుగారు గద్గదస్వరంతో అన్నారు. బావమరిది దండ వేశారు. ఆరుగురికీ తలా ఒక బంగారు పెట్టె బహూకరించారు. అందుకోగానే గడ్డక్క పెట్టె గలగలమంది. సభ దాన్ని చప్పట్ల కింద జమ చేసుకుంది.

ఇంటికొచ్చి బల్ల మీద పెట్టగానే భర్త చుట్టూ తిరిగి చూశాడు. "విప్పుదామా?"

"ఎందుకు? లోపలేముందో నాకు తెలీదా. చెత్తబుట్టలో వేసెయ్."

"ఇంత బావుంటే చెత్తబుట్టలోనా" అని ఆయన దాన్ని తుడిచి బీరువా మీద పెట్టాడు.

ఆదివారం మేనకోడలు కొత్త ఇంట్లోకి మారింది. షెడ్డు పోయాక ఉత్త చేతులతో వెళ్లడానికి గడ్డక్కకు మొహం చెల్లలేదు. బజారుకెళ్లి రెండు దుకాణాల ముందు నిలబడింది, లోపలికి వెళ్లకుండానే తిరిగొచ్చింది. చివరకు బీరువా వైపు చూసింది. పెట్టెను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, చప్పుడు కాకుండా అడుగులో అడుగు వేస్తూ నడిచింది. ఆ పెట్టెకు అంతటి రక్షణ అంతకుముందెన్నడూ దొరకలేదు.

"అత్తా, ఎంత బావుందో. విప్పబుద్ధే కావడం లేదు" అంది మేనకోడలు.

ముప్పై ఏళ్లు మూత నొక్కి చూడనిదే పెట్టె కదలనివ్వని గడ్డక్క, ఒక్క క్షణం నోరు తెరిచింది. మేనకోడలి అత్తగారు చూస్తోంది, మామగారు చూస్తున్నారు, ఇరుగుపొరుగు చూస్తున్నారు.

"విప్పకులే తల్లీ" అంది.

ఆ పెట్టె అక్కడ పదిహేను రోజులే ఉంది. తరువాత ఒక డాక్టరుకు, డాక్టరు నుంచి ఒక హెడ్మాస్టరుకు, ఆయన నుంచి ఒక పెళ్లికూతురికి వెళ్లిందని వినికిడి. దారి పొడవునా అందరూ మెచ్చుకున్నారు, అందరూ కృతజ్ఞతలు చెప్పారు. ఫిర్యాదు మాత్రం ఇంతవరకు లేదు. మీ బీరువా మీద ఉన్నది అదే అని నేననడం లేదు. అయినా మీరిప్పుడు లేచి దాన్ని కదిపి చూడకండి. వచ్చే వారం మీరూ ఎవరింటికో వెళ్లాలి.