నిద్ర మాట లేని పిలుపు

ఆ రోజు తెల్లవారుజామున సహరీ భోజనం దగ్గర పరుపులాయన వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అంగడికి వెళ్లాలి, మిగిలిన ఒక్క పరుపూ కుట్టెయ్యాలి, మధ్యాహ్నం నమాజు కాగానే ఇంటికి వచ్చెయ్యాలి. ఎందుకంటే ఆ రోజు ఆయన కూతురు జీవితంలో మొట్టమొదటి రోజా ఉపవాసం పట్టింది. కళ్లు నులుముకుంటూ లేచి, నాలుగు ముద్దలు తిని, మసీదు నుంచి అజాన్ వినపడగానే గ్లాసు కింద పెట్టేసి, సాయంత్రందాకా ఇక మంచినీళ్లు కూడా ముట్టనని ప్రకటించింది. దానికొక షరతు కూడా పెట్టింది.

"మొదటి ఖర్జూరం నువ్వే తినిపించాలి నాన్నా. నువ్వు వచ్చేదాకా నోరు తెరవను."

"నీకంటే ముందు నేనే వచ్చి కూర్చుంటాను తల్లీ," అన్నాడు పరుపులాయన.

భార్య గిన్నెలు కడుగుతూ వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసింది. పెళ్లయిన నాటి నుంచి ఆయన ఇచ్చిన మాటలన్నీ ఆ చూపులో వరుసగా నిలబడి ఉన్నాయి.

వీధిలో ఆయనకు 'గడియారం' అని పేరు. అది ఊరికే రాలేదు. ఈ రంజాను మొదట్లోనే ఒక సాయంత్రం మసీదులో అజాన్ ఇచ్చే పెద్దాయన, ఆగిపోయిన చేతిగడియారాన్ని నమ్ముకుని, పొద్దు గుంకకముందే పిలుపు ఇచ్చేశాడు. అందరి చేతులూ ఖర్జూరాల మీదికి వెళ్లాయి. ఆ సమయానికి మేడమీద ఆరబోసిన దూది ఎత్తుతున్న పరుపులాయన, సూర్యుడింకా ఎక్కడికీ పోలేదని ఒక్క కేక పెట్టి వీధి మొత్తం రోజా నిలబెట్టాడు. అప్పటినుంచీ జనం అజాన్ చెవితో విన్నా, ఆయన మొహం కంటితో చూసి గానీ నోట్లో ఏమీ వేసుకోవడం లేదు. పెద్దాయన సిగ్గుతో సగమైపోయాడు. పరుపులాయన మాత్రం గడియారానికి మళ్లీ గడియారమెందుకని, అంగట్లో గోడకున్నది కూడా దించి అటక మీద పెట్టేశాడు. ఫోను సంగతి సరేసరి, అది ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది.

పరుపు అనుకున్నదానికంటే ముందే అయింది. మధ్యాహ్నం నమాజు చదువుకుని, అంగడి మూసి ఇంటికి పోదామని వచ్చాడు. కానీ అప్పగించబోయే పరుపు మీద ఒకసారి నడుం వాల్చి చూడటం ఆయన వృత్తిధర్మం. దూది ఎక్కడ ఉండకట్టిందో, ఎక్కడ పల్చబడిందో వీపుకు తెలిసినంతగా చేతికి తెలియదు. దారిన పోయేవాళ్లు చూస్తే బాగుండదని షట్టరు సగానికి పైగా దించాడు. బయట ఆకాశం మబ్బు పట్టి ఉంది. లోపల దూది పింజలు తేలుతున్నాయి. ఖాళీ కడుపుకు ఒళ్లు కూడా వాటిలాగే తేలికైపోయింది. పరుపులో లోపమేమీ లేదని వీపు చెప్పింది. ఆ తర్వాత అది ఇంకేమీ చెప్పలేదు.

ఆయనకు చాలా పొడవైన కల వచ్చింది. తెల్లటి దూది మీద మనుషులు బారులు తీరి రాత్రి నమాజు చదువుతున్నారు. ఆయనా వంగుతున్నాడు, లేస్తున్నాడు. ఆ నమాజు ఎంతకీ తెమలడం లేదు. ముందు వరుసలో కూతురు కూర్చుని చెయ్యి చాపుతోంది. ఆయన చేతిలోని ఖర్జూరం పింజలా ఎగిరిపోయింది. దాని వెంట మేడల మీదుగా, మబ్బుల మీదుగా, రాత్రంతా పరుగెత్తుతూనే ఉన్నాడు.

మెలకువ వచ్చేసరికి అంగట్లో చీకటి. నాలుక అట్టలా ఉంది. షట్టరు ఎత్తి చూస్తే వీధిలో పురుగు లేదు. ఆకాశం ఏ మూల చూసినా ఒకటే బూడిదరంగు. అంగళ్లన్నీ మూసి ఉన్నాయి. ఇళ్లలోంచి గిన్నెల చప్పుడు, పిల్లల్ని తొందరపెడుతున్న తల్లుల గొంతులు, సన్నగా, ఎక్కడో దూరపు దేశంలోంచి వచ్చినట్టు వినపడుతున్నాయి. సహరీ వేళ సరిగ్గా ఇలాగే ఉంటుంది. సాయంత్రం ఉపవాసం విడిచే ఇఫ్తార్ వేళ కూడా అచ్చం ఇలాగే ఉంటుందన్న సంగతి నిద్రమత్తులో ఆయన బుర్రకు ఎక్కలేదు.

రాత్రి గడిచిపోయింది. అంతే, ఇంకో అనుమానం రాలేదు. ఇంటివాళ్లు తన కోసం వచ్చి, దించిన షట్టరు చూసి వెనక్కి పోయి ఉంటారు. పిల్ల ఏం తిన్నదో, అసలు తిన్నదో లేదో, మూసిన నోరు మూసినట్టే నిద్రపోయిందో ఏమో. గుండెలో ఎవరో సూది దించి దారం లాగినట్టయింది. లోకమంతటికీ టైం చెప్పే మనిషి కన్నబిడ్డకిచ్చిన ఒక్క మాట నిలబెట్టుకోలేకపోయాడు.

వీధిలో తెరిచి ఉన్నది బేకరీ ఒక్కటే. బేకరీ అతను గల్లాపెట్టె పక్కన నీళ్లు, ఖర్జూరాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఇంకా ఇక్కడే ఉన్నావేమిటన్నా, అక్కడ పాప ఎదురుచూస్తుంటుంది కదా అన్నాడు.

"ఇంకా ఎదురుచూడ్డానికేముంది తమ్ముడూ. అంతా అయిపోయింది," అన్నాడు పరుపులాయన.

పిల్ల ఆకలికి ఆగలేక మధ్యలోనే తినేసిందని బేకరీ అతనికి అర్థమైంది. పసిపిల్ల కదా, వచ్చే ఏడాది చూసుకుందాంలే అని ఓదార్చాడు. తప్పు పిల్లది కాదు, నాదేనని పరుపులాయన కళ్లు తుడుచుకున్నాడు. అంతలో మసీదు నుంచి అజాన్ మొదలైంది. బేకరీ అతను ఒక ఖర్జూరం తను తీసుకుని, ఇంకొకటి ఆయన నోటి దగ్గర పెట్టాడు. పరుపులాయన పాము కనపడ్డట్టు రెండడుగులు వెనక్కి వేశాడు.

"వద్దు. ఇప్పుడు తింటే రోజా పోతుంది," అన్నాడు.

అని, నిన్నటి ఇఫ్తారూ లేక, ఈనాటి సహరీ కూడా లేక, మళ్లీ సాయంత్రందాకా ఎలా నెట్టుకురావాలా అని ఆలోచిస్తూ, పిలుపు చివరిదాకా వినకుండానే ఇంటిదారి పట్టాడు. బేకరీ అతని చెయ్యి నోటికి బెత్తెడు దూరంలో ఆగిపోయింది. గడియారమే వద్దంటే ఇంక చెప్పేదేముంది. బేకరీ అతను రోజంతా ఉపవాసమున్నా అతని నోట్లో నువ్వు గింజ నానదు. ముందు మసీదుకు ఫోన్ చేశాడు. తర్వాత తెలిసినవాళ్లందరికీ చేశాడు. ఆ తర్వాత పరుపులాయన ఇంటికే చేశాడు.

మసీదు వరండాలో జనం పరిచిన గుడ్డల వెంట బారులు తీరి కూర్చుని ఉన్నారు. ముందు పళ్లున్నాయి, నీళ్లున్నాయి, ఎవరూ నోట్లో వేసుకోవడం లేదు. పరుపులాయన వెళ్తుంటే ఆ మొహాలన్నీ ఒక్కసారి ఆయన వైపు తిరిగాయి. బిడ్డకు మాట తప్పిన సంగతి అప్పుడే ఇక్కడిదాకా పాకిందన్నమాట అనుకున్నాడు. తలెత్తలేక, బాధగా అటూ ఇటూ తల ఊపాడు. అది చూసి జనం చేతుల్లో ఉన్న కాసిని ఖర్జూరాలు కూడా మళ్లీ పళ్లెంలోకి వెళ్లిపోయాయి. అజాన్ ఇచ్చిన పెద్దాయన గడియారమున్న తన మణికట్టు గట్టిగా పట్టుకుని, మబ్బుల్లో సూర్యుణ్ణి వెతకడానికి మసీదు మేడ ఎక్కాడు.

గుమ్మంలోనే భార్య ఎదురైంది. ఎవరూ తినొద్దన్నారట, పిల్ల సొమ్మసిల్లేలా ఉంది, ఏమిటండీ ఇది అని అడుగుతున్నా ఆయన చెవికెక్కలేదు. లోపల చాప మీద కూతురు కూర్చుని ఉంది. పెదాలు బిగించి ఉంది. గుప్పిట్లో ఒక ఖర్జూరం, పట్టుకుని పట్టుకుని మెత్తబడిపోయింది. పరుపులాయన పిల్ల ముందు కూలబడ్డాడు.

"నన్ను క్షమించు తల్లీ. రాత్రి రాలేకపోయాను."

నాన్న వచ్చాడు కాబట్టి పిల్ల ఇప్పుడు నోరు తెరిచింది.

"రాత్రి ఇంకా రాలేదుగా నాన్నా."

ఆయన తెల్లమొహం వేశాడు. అది కాదమ్మా, తెల్లవారింది, నువ్వే విన్నావు కదా, అజాన్ కూడా అయిపోయిందని నచ్చజెప్పబోయాడు.

"పొద్దుటి అజాన్‌లో 'నిద్ర కన్నా నమాజు మేలు' అని ఉంటుంది కదా," అంది పిల్ల ఓపిగ్గా. "ఇందులో ఆ మాట లేదు. ఎప్పుడైపోతుందా అని నేను మొత్తం విన్నాను."

కిటికీలో బూడిదరంగు మెల్లగా చిక్కబడి నీలమవుతోంది. ఎక్కడా తెల్లవారడం లేదు. పరుపులాయన చొక్కా మీది దూది పింజ ఒకటి లేచి, కాసేపు గాలిలో ఊగి, పిల్ల జుట్టు మీద వాలింది. పోయిందనుకున్న రాత్రి మొత్తం, ఒక్క గంట కూడా తగ్గకుండా, ఆయన ముందే ఉంది. కూతురి ఇఫ్తార్ కూడా ఆ గుప్పిట్లోనే ఉంది. అంత సంతోషం ఆయనకు ఏ పండగనాడూ కలగలేదు. ఖర్జూరం తీసి పిల్ల నోట్లో పెట్టాడు. పిల్ల సగం కొరికి, మిగతా సగం ఆయన నోట్లో పెట్టింది.

"పరుపు బాగా కుదిరినట్టుందండీ," అంది భార్య.

ఫోను మోగింది. బేకరీ అతను. ఇప్పుడైనా తినొచ్చా అన్నా అని గొంతు ఎండిపోయి అడుగుతున్నాడు. అప్పుడు అర్థమైంది పరుపులాయనకు, తాను వీధి మొత్తాన్ని పస్తు పెట్టి వచ్చానని. చెప్పులు కూడా వేసుకోకుండా మసీదుకు పరుగెత్తి, తినండి, నాది పొరపాటు, నిద్రపోయాను అని వరండా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చెప్పుకుంటూ పోయాడు. ఎవరూ ఆయన్ని తిట్టలేదు. అందరి నోళ్లూ నిండి ఉన్నాయి.

పెద్దాయన మేడ దిగి వచ్చి, తీరిగ్గా ఒక ఖర్జూరం తిని, నీళ్లు తాగాడు. ఈ రంజాను మొదలైన తర్వాత ఆయన మొహంలో మళ్లీ కళ కనిపించడం అదే మొదటిసారి. పరుపులాయన భుజం మీది దూది దులిపి, నమాజుకు లోపలికి నడుస్తూ నెమ్మదిగా అన్నాడు.

"ఆ నిద్ర మాట తెల్లవారుజాము పిలుపులోనే చెప్పాలని నియమం నాయనా. లేకపోతే నీ ఒక్కడి కోసం సాయంత్రం కూడా చెప్పేవాణ్ణి."